గుట్ట మీది రాతి నేల: గుంత తవ్వడం నుంచి పేరు పెట్టేదాకా

ఊరి గుట్ట మీద జీవాలు మేసే నేల గురించి ఎవరినడిగినా "అదంతా మొరం, పనికిరాని నేల" అనేస్తారు. రికార్డుల్లోనూ గైరాన్ అనో, గుట్ట పోరంబోకు అనో ఒక్క మాటతో సరిపెడతారు. గుంత తవ్వి చూస్తే సంగతి వేరు. ఒకే గుట్ట మీద వంద గజాల తేడాలో మూడు రకాల నేలలు బయటపడతాయి. ఒకచోట జానెడు మట్టి కింద పరుపు బండ ఉంటుంది. ఇంకోచోట అంతే మట్టి కింద గడ్డపారకు లొంగే మెత్తని మొరం మూడు మూరల లోతు దాకా ఉంటుంది. కిందికి దిగితే కంకర నిండిన ఎర్ర బంకమన్ను. పైనుంచి చూస్తే మూడూ ఒకేలా, గరుసుగా, ఎర్రగా కనిపిస్తాయి. మూడింటిలోనూ ఒకే లోతు కందకాలు తీసి ఒకే రకం మొక్కలు పెట్టడం వల్లనే గుట్టల మీద చేసిన పని చాలా చోట్ల రెండో ఎండాకాలానికే పోతోంది.

ఈ తేడాను కొలిచి పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. అమెరికా వ్యవసాయ శాఖ తయారుచేసిన సాయిల్ టాక్సానమీ అది. నాగ్‌పూర్‌లోని జాతీయ నేలల సర్వే, భూ వినియోగ ప్రణాళికా సంస్థ మన నేలల పటాలను ఈ పద్ధతిలోనే తయారుచేస్తుంది. పేర్లు కొత్తగా అనిపించినా, రాతి నేల విషయంలో అడగాల్సినవి ముఖ్యంగా మూడే ప్రశ్నలు. వేరును ఆపేసే రాయి ఎంత లోతులో ఉంది? మట్టిలో రాళ్ళ వాటా బరువులో కాకుండా ఘనపరిమాణంలో ఎంత? పై పొర నుంచి కిందికి దిగిన బంకమన్ను కింది పొరలో పేరుకుందా, లేదా? రంగు వీటి తర్వాతే. ఎర్రగా ఉంది కాబట్టి చల్క, చల్క కాబట్టి ఆల్ఫిసాల్ (బంక కింది పొరలో పేరుకున్న నేలల తరగతి) అని తేల్చేయడం గుట్టల మీద తరచూ జరిగే పొరపాటు.

ముందు రాయి ఏదో చూడండి

వరంగల్, హన్మకొండ, జనగామ, కరీంనగర్ వైపు గుట్టలు ఎక్కువగా గ్రానైటు, నైస్ రాళ్ళవి. మధ్యలో నల్లగా గోడ కట్టినట్టు సాగే డోలరైట్ చాళ్ళు కనిపిస్తాయి. గ్రానైటు చివికినప్పుడు అందులోని పలుగురాయి కరగకుండా ముతక ఇసుకగా మిగులుతుంది, ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమన్నుగా మారుతుంది, నల్ల ఖనిజాల్లోని ఇనుము తుప్పుపట్టి ఎరుపు ఇస్తుంది. చేతిలోకి తీసుకుంటే గరగరలాడుతూనే వేలికి అంటుకునే ఎర్ర మట్టి ఇలా తయారైందే. డోలరైట్ చాలు దగ్గర అదే వాలు మీద మట్టి ఒక్కసారిగా ముదురు రంగుకు మారి జిగురెక్కుతుంది. గుంతను చాలుకు దూరంగానే తవ్వాలి, లేదా దానికి వేరే గుంత తీయాలి.

పాఖాల చెరువు పరిసరాల్లో పలకరాళ్ళు, క్వార్ట్‌జైటు ఉంటాయి. భూపాలపల్లి, మంచిర్యాల వైపు గోదావరి లోయలో ఇసుకరాయి ఎక్కువ, దాని మీది మట్టి పలచగా, ఇసుకగా ఉంటుంది. ఆదిలాబాద్, నిర్మల్ గుట్టలకు వెళితే బసాల్టు వస్తుంది. అక్కడ మట్టి జానెడే ఉన్నా నల్లగా, ఎండితే పగిలేదిగా ఉంటుంది. ఈ వ్యాసంలోని లెక్కలు గ్రానైటు గుట్టలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

గుంత ఎక్కడ, ఎప్పుడు

అక్టోబర్, నవంబర్ నెలలు అనువైనవి. వానలు ఆగి మట్టిలో పదును మిగిలి ఉంటుంది, గడ్డి వేర్లు బతికే ఉంటాయి కాబట్టి ఏ లోతు దాకా దిగాయో కంటికి కనిపిస్తుంది. ఏప్రిల్‌లో తవ్వితే బంక పొర ఇటుకలా గట్టిపడి మొరానికీ దానికీ తేడా తెలియదు. అటవీ భూమి అయితే శాఖ అనుమతి లేకుండా పార వేయొద్దు.

కావలసిన సామాను పెద్దదేమీ కాదు. గడ్డపార, పార, తట్ట, 12 మి.మీ. మందం ఉన్న మీటరు పొడవు ఇనుప ఊచ, సుత్తె, టేపు, మొండి కత్తి, 2 మి.మీ. జల్లెడ, 20 మి.మీ. కన్నాల జాలీ, గుర్తులున్న లీటరు మగ్గు, బకెట్లు, పలచని పాలిథిన్ షీటు, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న సీసాలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రంగు రాయడానికి మున్సెల్ రంగుల పుస్తకం దొరికితే మంచిది.

గుట్ట నెత్తి నుంచి కింది పొలం గట్టు దాకా నిటారుగా ఒక గీత అనుకుని దాని వెంట నడవండి. వాలు మారిన ప్రతిచోట ఊచ దిగగొట్టి లోతు చూడాలి. ఊచ ఒకచోట ఆగిందంటే అది బండే అని అనుకోవద్దు, మధ్యలోని గుండు కావచ్చు. అడుగు దూరంలో మరో మూడు నాలుగు చోట్ల కొట్టండి. అన్నీ దాదాపు ఒకే లోతులో ఖంగుమని ఆగితే కింద బండ ఉన్నట్టు. ఒక్కోటి ఒక్కో లోతులో ఆగితే రాళ్ళు కలిసిన మట్టి. చప్పుడు మందంగా ఉండి, దెబ్బ దెబ్బకూ కొంచెం దిగుతుంటే మొరం.

ఈ గీత మీద నెత్తి, నడి వాలు, పాదం మూడు చోట్లా ఒక్కో గుంత తీస్తే గుట్ట తెలిసిపోతుంది. ఒర్రె ఒడ్డు, పుట్ట పక్క, పాత మొరం తవ్వకం, జీవాలు రోజూ మందగా ఆగే చోటు వదిలేయండి. గుంత మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు. లోతు బండ దాకా, బండ తగలకపోతే కనీసం మీటరు దాకా. చదవాల్సింది ఎగువ వైపు గోడను. అందుకని ఆ అంచు మీద కాలు పెట్టొద్దు, తవ్విన మట్టి అటు వేయొద్దు. పై మట్టి ఒక కుప్ప, కింది మట్టి ఒక కుప్ప. రాళ్ళు ఎత్తేముందు గడ్డపారతో దొర్లించి చూడండి, వాటి కింద తేళ్ళు, పాములు ఉంటాయి.

గోడను గడ్డపారతో చెక్కితే పొరలన్నీ ఒకే రంగు పులుముకుంటాయి. మొండి కత్తితో పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా గీకి, రాళ్ళ చుట్టూ మట్టి తీసి, రాయిని దాని చోటనే ఉంచండి. రాయి పీకితే పెళ్ళ ఊడి ఘనపరిమాణం అంచనా తప్పుతుంది. గోడలో సగాన్ని నీళ్ళు చల్లి తడపండి. తడిసిన సగంలో రంగు తేడా, ఎండిన సగంలో కట్టుబాటు తేడా తెలుస్తాయి.

పై మట్టిని ఏ (A) పొర అంటారు. దాని కింద, రాతి చారలు చెరిగిపోయి మట్టి కట్టు ఏర్పడితే బి పొర. చివికినా గ్రానైటు గింజల అమరిక ఇంకా అలాగే కనిపిస్తే సి పొర. పారకు కష్టం మీద లొంగే మొరం సీఆర్. లొంగని బండ ఆర్. మధ్యలో పలుగురాళ్ళ వరస ఒకటి అడ్డంగా సాగుతూ కనిపిస్తే ఆగి చూడండి. దాని పైమట్టి పైనుంచి జారి వచ్చింది, కిందిది అక్కడే పుట్టింది అనడానికి చాలా సార్లు అదే గుర్తు. అలాంటప్పుడు కింది పొర పేరు ముందు 2 అంకె వేస్తారు. ఆ రెండు పొరల బంక శాతాన్ని పోల్చి, బంక కిందికి దిగిందని తేల్చకూడదు. రెండూ వేరు వేరు మట్టులు మరి.

రాళ్ళు కొలవడం

పనంతటిలో ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి, ఎక్కువ తప్పులూ ఇక్కడే జరుగుతాయి.

2 మి.మీ. కంటే పెద్దదంతా రాయి కిందే లెక్క. 2 నుంచి 75 మి.మీ. దాకా గులకలు, 75 నుంచి 250 దాకా గుండ్రాళ్ళు, 250 నుంచి 600 దాకా రాళ్ళు, ఆపైన గుండ్లు. జల్లెడ కిందికి దిగిన 2 మి.మీ. లోపుదే అసలు మట్టి. నీరు పట్టేదీ, పోషకాలు ఇచ్చేదీ అదే.

ముందు నేల పైభాగం. 20 మీటర్ల తాడుకు 20 సెం.మీ. కొకటి చొప్పున ముడులు వేస్తే వంద ముడులు వస్తాయి. వాలుకు అడ్డంగా తాడు పరిచి, ఎన్ని ముడుల కింద రాయి ఉందో లెక్కపెడితే అదే శాతం. మూడు చోట్ల చేసి సగటు తీయండి. గులకలను, 250 మి.మీ. దాటిన రాళ్ళను విడివిడిగా రాయాలి. రాయి మట్టి మీద ఊరికే కూర్చుందా, మట్టి పొక్కులో (పైన గట్టిపడిన పెంకులో) సగం కూరుకుపోయిందా అన్నదీ రాయండి. ఊరికే కూర్చున్న రాయి వాన చినుకు దెబ్బను తాను తిని, తన అంచున నీటిని లోపలికి ఇంకనిస్తుంది. గట్టి పొక్కులో కూరుకున్న రాయి నీటిని పక్కకు తోసేస్తుంది. గుట్ట బాగుచేస్తామని మొదటి రకం రాళ్ళను ఏరి కుప్పపోస్తే, కింద ఉన్న సన్న మట్టి తర్వాతి రెండు మూడు పెద్ద వానల్లోనే కొట్టుకుపోతుంది.

ఇప్పుడు లోపలి రాళ్ళు. గుంత పక్కన, కొలవాల్సిన పొర పైభాగాన్ని చదును చేసి, 30 సెం.మీ. వెడల్పు, పొర మందమంత లోతు ఉన్న చిన్న గుంట తీయండి. గుండ్రాళ్ళు ఎక్కువుంటే 50 సెం.మీ. దాకా వెడల్పు కావాలి. చిన్న గుంటలో ఒక్క పెద్ద రాయి వచ్చినా, రాకపోయినా లెక్క తారుమారవుతుంది. తీసిన మట్టి గింజ కూడా పోకుండా తార్పాలిన్ మీద వేయండి. గుంటలో పలచని పాలిథిన్ షీటు పరిచి, గోడలకు ఆనేట్టు సర్ది, అంచు దాకా నీళ్ళు పోస్తూ మగ్గుతో కొలవండి. పట్టిన నీళ్ళే గుంట ఘనపరిమాణం.

తీసిన మట్టిని మొదట 20 మి.మీ. జాలీతో, తర్వాత 2 మి.మీ. జల్లెడతో జల్లించండి. తడి మట్టి జల్లెడ దిగదు, పెళ్ళలుగా పైనే ఉండిపోయి రాళ్ళ లెక్కలోకి చేరుతుంది. ఆరబెట్టి చేతితో నలపాలి, లేదంటే రాళ్ళను జల్లెడలోనే నీళ్ళతో కడగాలి. రోకలితో దంచొద్దు. దంచితే చివికిన ఫెల్డ్‌స్పార్ గులకలు పిండై మట్టిలో కలుస్తాయి, ఉన్నదానికంటే మట్టి ఎక్కువ చూపిస్తుంది. అనుమానమున్న గులకలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. తెల్లారి చిటికెన నలిగితే అది రాయి కాదు, నలగకుండా అంచు పదునుగా నిలిస్తే రాయి.

మిగిలిన రాళ్ళను, అంచు దాకా నీళ్ళున్న బకెట్‌లో మెల్లగా దించి, పొర్లిన నీటిని కింద పళ్ళెంలో పట్టి కొలవండి. గుంట 12 లీటర్లు పట్టి, రాళ్ళు 5 లీటర్లు పొర్లిస్తే వాటా దాదాపు 42 శాతం. సాంద్రతల గొడవే లేదు.

ల్యాబ్ నుంచి బరువు శాతం వస్తే మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు వాడొద్దు. గ్రానైటు రాయి లీటరుకు సుమారు 2.65 కిలోలు, సన్న మట్టి లీటరుకు సుమారు 1.4 కిలోలు తూగుతాయి. 10 కిలోల నమూనాలో 5 కిలోలు రాయి అనుకుంటే, రాయి ఘనపరిమాణం 1.9 లీటర్లు, మట్టిది 3.6 లీటర్లు. అంటే బరువులో 50 శాతం ఉన్న రాయి ఘనపరిమాణంలో 35 శాతమే. వర్గీకరణలో గీత గీసింది సరిగ్గా ఆ 35 దగ్గరే. బరువులో 40 శాతం రాయి ఉందని స్కెలెటల్ (రాళ్ళు ఎక్కువున్న నేల) అని రాసేస్తే తప్పు, అది ఘనపరిమాణంలో 26 శాతమే అవుతుంది.

ఆ 35 శాతాన్ని ఏ లోతుల మధ్య చూడాలన్నదానికీ నియమముంది. మామూలుగా 25 సెం.మీ. నుంచి 100 సెం.మీ. దాకా, లేదా మధ్యలో వేరును ఆపే రాయి దాకా. బంక పేరుకున్న పొర ఉంటే సాధారణంగా ఆ పొర పైభాగపు 50 సెం.మీ. రాయి 36 సెం.మీ. లోపే తగిలితే పై నుంచి రాయి దాకా మొత్తం. మన గుట్టల నెత్తుల మీద ఎక్కువగా ఈ చివరిదే వర్తిస్తుంది. పొరల మందాన్ని బట్టి సగటు తీయాలి, ఊరికే కూడి భాగించకూడదు. సగటు 35 శాతం లేదా ఆపైన ఉంటే స్కెలెటల్. సన్న మట్టి 10 శాతం కంటే తక్కువై, రాళ్ళ మధ్య ఖాళీలే మిగిలితే ఫ్రాగ్మెంటల్.

బంక దిగిందా

సన్న మట్టిని పిడికెడు తీసుకుని తడిపి, ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. 2.5 సెం.మీ. లోపే తెగితే గరప (ఇసుక, ఒండ్రు, బంక కలిసిన మట్టి) రకం, 2.5 నుంచి 5 దాకా సాగితే బంక గరప, 5 దాటితే బంక. ముతక ఇసుక ఎక్కువున్న గ్రానైటు మట్టిలో పట్టీ ఉన్నదానికంటే ముందే తెగుతుంది. అందుకని వేలికి ఎంత గట్టిగా అంటుకుంటోందో కూడా గమనించి, చివరి మాట ల్యాబ్‌కు వదిలేయండి.

కంటితో చూసే గుర్తు ఇంకొకటుంది. బి పొర నుంచి గోళీ అంత పెళ్ళ తీసి, చేతులతో మెల్లగా విరిచి, విరిగిన ముఖాన్ని భూతద్దం కింద ఎండలో వాలుగా తిప్పండి. బంక పైనుంచి దిగిన నేలలో ఇసుక గింజల మధ్య ఎర్రటి జిగురు వంతెనల్లా కనిపిస్తుంది, పాత వేరు కన్నాల లోపలి గోడకు నున్నటి మెరుపు ఉంటుంది. రాతి నేలలో పెళ్ళలు చిన్నవి కాబట్టి ఈ బంక పూత అక్కడ తేలిగ్గా దొరకదు. గులకను దాని గూడులోంచి తీసి, గూడు గోడను చూడండి. గోరు తగిలితే రేగే పలచని ఎర్ర పూత అక్కడ నిలిచి ఉంటుంది. గడ్డపార జారిన చోటా మెరుపు వస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. విరిచిన ముఖాన్నే నమ్మాలి, కోసిన ముఖాన్ని కాదు.

అంకెల్లో నియమం ఇది. పై పొరలో బంక 15 శాతం లోపుంటే కింది పొరలో కనీసం 3 శాతం పెరగాలి. 15 నుంచి 40 మధ్య ఉంటే 1.2 రెట్లు కావాలి. 40 దాటితే 8 శాతం పెరగాలి. అంకె వచ్చి, పూత కూడా కనిపిస్తే అది అర్జిల్లిక్ పొర.

కింద బండా, మొరమా

పార దెబ్బకు పొడి రాలకుండా, పగుళ్ళు 10 సెం.మీ. లేదా అంతకంటే దూరం దూరంగా ఉంటే అది లిథిక్ హద్దు. పార కష్టం మీద దిగుతూ, వేర్లు మాత్రం పగుళ్ళ వెంటే పోతుంటే పారాలిథిక్ హద్దు. కాగితం మీద తేడా ఒక్క మాటే, గుట్ట మీద అది తునికి చెట్టుకూ ఒట్టి గడ్డికీ మధ్య ఉన్న తేడా. చివికిన మొరం కొంత నీరు పడుతుంది, చెట్టు వేరు దాని పగుళ్ళలో దారి చూసుకుంటుంది. పరుపు బండ మీద వేరు పడుకుని పాకుతుంది, మే నెలలో ఎండిపోతుంది.

అప్పుడే ఆమ్లం చుక్క వేసి చూడండి. గ్రానైటు వాలు మీద సాధారణంగా పొంగదు. పాదం దగ్గర, మొరం పైన తెల్లని సున్నపు పూత ఉన్నచోట పొంగుతుంది. పైనుంచి ఊరిన నీరు ఆరిపోయిన చోటు అది.

పేరు పెట్టే వరస

సాయిల్ టాక్సానమీలో తరగతులను ఒక క్రమంలో దాటుతూ రావాలి, నచ్చిన చోట మొదలుపెట్టకూడదు. మన గుట్టలకు సంబంధించినంత వరకు మొదట వెర్టిసాల్ అడగాలి. 50 సెం.మీ. దాకా మందమైన, పగిలే బంక ఉంటేనే అది, గుట్ట మీద అరుదు. తర్వాత మొల్లిసాల్. నిర్మల్ వైపు అడవి కింద, ముదురు రంగు పైమట్టి ఉన్న బసాల్టు వాలుల మీద దాన్ని తప్పకుండా పరీక్షించాలి. ఆ తర్వాత ఆల్ఫిసాల్, అంటే అర్జిల్లిక్ పొర ఉండి క్షారాల సంతృప్తత (మట్టి పట్టి ఉంచే అయాన్లలో కాల్షియం, మెగ్నీషియం లాంటి క్షారాల వాటా) 35 శాతానికి తగ్గనిది. తర్వాత ఇన్‌సెప్టిసాల్. ఏదీ కాకపోతే ఎంటిసాల్.

ఇన్‌సెప్టిసాల్‌కూ ఎంటిసాల్‌కూ మధ్య గీతే గుట్ట మీద ఎక్కువ తగువు తెస్తుంది. ఇన్‌సెప్టిసాల్ కావాలంటే క్యాంబిక్ పొర ఉండాలి. దాని మందం 15 సెం.మీ. తగ్గకూడదు, దాని అడుగు నేల మట్టం నుంచి 25 సెం.మీ. లోతుకు చేరాలి, అందులో సగానికి పైగా రాతి అమరిక చెరిగిపోయి ఉండాలి, మట్టి మరీ ముతక ఇసుకై ఉండకూడదు. కాబట్టి 20 సెం.మీ. దగ్గరే బండ తగిలిన చోట బి పొర ఎంత ఎర్రగా, అందంగా ఉన్నా అది ఎంటిసాలే.

తర్వాతి ముక్కలు తేలిక. మన దగ్గర నైరుతి వానలు నాలుగు నెలలు తడిపి, తర్వాత నేల చాలా నెలలు ఎండుతుంది కాబట్టి తేమ తీరు ఉస్టిక్. నేల ఏడాది సగటు ఉష్ణోగ్రత 22 డిగ్రీలు దాటి, ఎండాకాలం చలికాలం తేడా 6 డిగ్రీల లోపుంటే ఐసోహైపర్‌థర్మిక్, 6 లేదా ఆపైన ఉంటే హైపర్‌థర్మిక్. ఆ సంగతి 50 సెం.మీ. లోతు ఉష్ణోగ్రతతో తేలుతుంది. 50 సెం.మీ. లోపు లిథిక్ హద్దు ఉంటే పేరు ముందు లిథిక్ చేరుతుంది. 50 లోపు ఉన్నది పారాలిథిక్ హద్దు అయితే లిథిక్ అనకుండా, కుటుంబం పేరులో షాలో అని చేర్చాలి.

ఒక లెక్క చేసి చూద్దాం. 12 శాతం వాలు మీద నడిమి గుంతలో ఇలా వచ్చిందనుకోండి. 0 నుంచి 9 సెం.మీ. ఏ (A) పొర, రాళ్ళు 25 శాతం, బంక 17 శాతం. 9 నుంచి 31 బీడబ్ల్యూ పొర (బంక పేరుకోకుండా, రంగు లేదా కట్టు మాత్రమే మారిన బి పొర), రాళ్ళు 48 శాతం, బంక 20 శాతం, పూతలు లేవు. 31 దగ్గర బండ.

బండ 36 లోపే ఉంది కాబట్టి 0 నుంచి 31 మొత్తం లెక్కించాలి. రాళ్ళ సగటు, 9ని 25తో, 22ని 48తో గుణించి కూడి 31తో భాగిస్తే 41 శాతం. 35 దాటింది, స్కెలెటల్. బంక సగటు 19 శాతం, 35 లోపు, అందుకని లోమీ-స్కెలెటల్. అర్జిల్లిక్ ఉందా? 17కు 1.2 రెట్లు అంటే 20.4. వచ్చింది 20. పూత కూడా లేదు. లేనట్టే. క్యాంబిక్ ఉందా? మందం 22, అడుగు 31. ఉంది. ఇన్‌సెప్టిసాల్. ఉస్టిక్ తేమ వల్ల ఉస్టెప్ట్. ల్యాబ్‌లో క్షారాల సంతృప్తత 60 శాతం పైన వస్తే హప్లుస్టెప్ట్, అంతకంటే తక్కువైతే డిస్ట్రుస్టెప్ట్. బండ వల్ల లిథిక్. కాటయాన్ మార్పిడి సామర్థ్యం (మట్టి పోషక అయాన్లను పట్టి ఉంచే శక్తి) 10 అనుకుంటే, దాన్ని బంక 19తో భాగిస్తే 0.53, అది 0.40కీ 0.60కీ మధ్య కాబట్టి యాక్టివ్. ఖనిజాలు కలగాపులగం కాబట్టి మిక్స్‌డ్. మొత్తం పేరు: లోమీ-స్కెలెటల్, మిక్స్‌డ్, యాక్టివ్, ఐసోహైపర్‌థర్మిక్ లిథిక్ హప్లుస్టెప్ట్.

అదే గుట్ట నెత్తిన 15 సెం.మీ. గరుసు మట్టి కింద బండ ఉంటే లిథిక్ ఉస్టోర్థెంట్, అంటే ఉస్టిక్ తేమ ఉన్న ఎంటిసాల్. పాదం దగ్గర బంక 18 నుంచి 30కి పెరిగి, పూతలు స్పష్టంగా ఉండి, 90 సెం.మీ. దాకా రాయి తగలకపోతే ఆల్ఫిసాల్. తడి రంగు మున్సెల్ పుస్తకంలో 2.5 వైఆర్ లేదా ఇంకా ఎర్రగా, వాల్యూ (లేత-ముదురు అంకె) 3 లేదా తక్కువగా పొర అంతా ఉంటే రోడుస్టాల్ఫ్, కాకపోతే మామూలుగా హప్లుస్టాల్ఫ్. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ ఎర్ర నేల ఈ రోడుస్టాల్ఫ్‌లకు పేరున్న ఉదాహరణ.

మరో అంతర్జాతీయ వర్గీకరణ అయిన ప్రపంచ నేలల వనరుల పద్ధతిలో (WRB) పేరు అడిగితే, బండ 25 సెం.మీ. లోపు ఉన్న నెత్తి నేల లెప్టోసాల్ అవుతుంది. నడి వాలు నేల 31 దగ్గర బండ కాబట్టి ఆ కారణంతో లెప్టోసాల్ కాదు. రెండు పద్ధతుల హద్దులు వేరు. ఒకదాని పేరును రెండోదానిలోకి ఊరికే మార్చి రాయొద్దు.

పేరు చేతికొచ్చాక

పైన లెక్కించిన నడి వాలు నేల లోతు 31 సెం.మీ. అయినా అందులో సన్న మట్టి 18 సెం.మీ. మాత్రమే. ఇలాంటి గరప మట్టి తన ఘనపరిమాణంలో పదో వంతు నీటిని మొక్కకు ఇవ్వగలదనుకుంటే, నేల నిండా తడిసినా నిలిచేది 18 మి.మీ. గడ్డి రోజుకు 4, 5 మి.మీ. వాడుకుంటే నాలుగు రోజుల నీరు. జూలైలో పది రోజులు వాన పట్టు తప్పితే అక్కడ గడ్డి ఎందుకు పసుపెక్కుతుందో, పాదం దగ్గర ఎందుకు పచ్చగా ఉంటుందో ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది. వానకు విరామం వచ్చినప్పుడు మందను ముందు నెత్తి నుంచి దించాలి, నడి వాలు నుంచి తర్వాత.

కందకాల విషయంలో లిథిక్ అన్న మాట పేరులో ఉంటే అడుగున్నర లోతు కందకం తీయించొద్దు. 31 సెం.మీ. మట్టిలో 45 సెం.మీ. కందకం తీయాలంటే బండ కొట్టాలి, ఆ పెళ్ళలు ఉన్న కాస్త మట్టినీ కప్పేస్తాయి. అక్కడ వాలుకు అడ్డంగా రాతి కట్టలు, వాటి ఎగువన అంజన్ గడ్డి, స్టైలో విత్తనం సరిపోతాయి. పారాలిథిక్ చోట్ల కందకం పనిచేస్తుంది, కందకం కింది గట్టు మీద చెట్టు నిలుస్తుంది. తీసిన మొరాన్ని మాత్రం పైమట్టి మీద పరచకుండా గట్టుగా వేయాలి.

సాగు యోగ్యతను బట్టి 1 నుంచి 8 దాకా వేసే భూమి సామర్థ్య తరగతుల్లో ఇవి సాధారణంగా 6, 7 తరగతుల్లోకి వస్తాయి, ఒట్టి బండ 8లోకి. పక్కన వేసే చిన్న అక్షరం కారణం చెబుతుంది. కోతకు ఈ (e), రాయి లేదా లోతు తక్కువకు ఎస్ (s).

భూసార పరీక్షకు పంపేటప్పుడు మామూలు అరకిలో సంచి చాలదు. కిలో సన్న మట్టి చేరాలంటే ఇలాంటి నేలలో కనీసం మూడు కిలోలు తీయాలి. జల్లించి పంపితే రాళ్ళ శాతాన్ని చీటీ మీద తప్పకుండా రాయండి. ఎందుకంటే రిపోర్టులో హెక్టారుకు ఇన్ని కిలోలు అని వచ్చే అంకె, 15 సెం.మీ. లోతులో 22.4 లక్షల కిలోల రాళ్ళు లేని మట్టి ఉందన్న లెక్కతో వచ్చింది. మన ఉదాహరణలో పై 15 సెం.మీ. లో రాళ్ళ సగటు 34 శాతం. కాబట్టి రిపోర్టులో భాస్వరం 20 కిలోలని ఉంటే దాన్ని 0.66తో గుణించి 13 కిలోలుగా చదువుకోవాలి. పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం శాతం మాత్రం ఉన్నదున్నట్టే తీసుకోవచ్చు, అవి సన్న మట్టి గుణాలు.

పని అయ్యాక గుంతను అదే రోజు పూడ్చండి. కింది కుప్ప ముందు, పై కుప్ప తర్వాత, మీద ఏరిన రాళ్ళు మళ్ళీ పరచాలి. తెరిచి వదిలిన మీటరు గుంతలో మేకపిల్లలు పడతాయి, పైగా ఎగువ గోడ ఒక్క వానకు కూలి కొత్త ఒర్రెకు దారి ఇస్తుంది.